బైపాస్‌కి ముందు మెడ నాళంలో 80 శాతం బ్లాక్ తేలింది. ఏది ముందు చేయించాలి?

చిన్నబ్బాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. కాస్త వేగంగా నడిస్తే ఛాతీ పట్టేస్తోందంటే యాంజియోగ్రామ్ తీశారు. మూడు నాళాల్లోనూ బ్లాకులున్నాయి, లెఫ్ట్ మెయిన్‌లో (గుండె ఎడమవైపుకి రక్తం పంపే మొదలు నాళంలో) 60 శాతం ఉంది. బైపాస్ తప్పదన్నారు. ఆపరేషన్ ముందు పరీక్షల్లో మెడకి డాప్లర్ స్కాన్ చేస్తే ఎడమ కరోటిడ్‌లో (మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ నాళంలో) 80 శాతం, కుడివైపు 40 శాతం అని వచ్చింది.

ఒక సర్జన్ గారు గుండె, మెడ రెండూ ఒకే మత్తులో చేసేద్దాం అన్నారు. ఇంకో చోట చూపిస్తే మెడ జోలికి ఇప్పుడు పోవద్దు, బైపాస్ ఒక్కటే చేద్దాం అన్నారు. ఇద్దరూ బాగా అనుభవం ఉన్నవాళ్లే. ఇంత తేడాగా ఎందుకు చెబుతున్నారో తెలియక ఇంట్లో అందరం టెన్షన్ పడుతున్నాం. ఇలాంటివి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పెద్దక్క:

తమ్ముడూ, మా అమ్మకి రెండూ ఒకేసారి చేశారు. ఇప్పుడు బాగానే ఉంది. రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఐసీయూ అనే బాధ లేకుండా ఒక్క దెబ్బతో అయిపోయింది. నా మాట వింటే మీరూ అలాగే చేయించండి. మెడలో 80 శాతం బ్లాక్ పెట్టుకుని గుండె ఆపరేషన్‌కి వెళ్తే మధ్యలో పక్షవాతం రాదా?

హృదయశస్త్రం:

నేను గుండె సర్జన్‌ని. రిపోర్టులు, మనిషిని చూడకుండా ఇక్కడ నిర్ణయం చెప్పను. ఆ ఇద్దరు సర్జన్లు వేర్వేరుగా ఎందుకు మాట్లాడారో మాత్రం చెప్పగలను.

దీనికి మూడు దారులున్నాయి. ముందు మెడలో పూడిక తీసి (దాన్నే ఎండార్టెరెక్టమీ అంటాం), కోలుకున్నాక బైపాస్ చేయడం మొదటిది. రెండోది దానికి తిరగేసి, ముందు బైపాస్, తర్వాత మెడ. మూడోది రెండూ ఒకేసారి. 1972లో బెర్న్‌హార్డ్, ఆయన సహచరులు రెండూ కలిపి చేసిన కేసుల్ని ప్రచురించారు. ఏది మేలు అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

ముందు మెడ ముట్టుకుంటే, బాగుచేయని గుండె ఆ ఆపరేషన్ ఒత్తిడిని తట్టుకోవాలి. ముందు గుండె ముట్టుకుంటే, బాగుచేయని మెడ నాళం హార్ట్-లంగ్ మిషన్ (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీద ఉన్న సమయాన్ని తట్టుకోవాలి. రెండూ కలిపితే మధ్యలో ఎదురుచూపు ఉండదు, కానీ ఒంటి మీద పడే భారమంతా ఒకే రోజు పడుతుంది. 2003లో నేలర్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేస్తే అచ్చం ఇదే కనబడింది. మెడ ముందు చేసినవాళ్లలో గుండెపోటు ఎక్కువ, సుమారు 6.5 శాతం. గుండె ముందు చేసినవాళ్లలో గుండెపోటు 0.9 శాతమే, కానీ స్ట్రోక్ (పక్షవాతం) 6.3 శాతం. ఒకేసారి చేసినవాళ్లలో మరణాలు ఎక్కువ, 4.6 శాతం. వీళ్లందరూ ఒకేలాంటి పేషెంట్లు కాదు కాబట్టి ఈ అంకెల్ని నేరుగా పోల్చకూడదు. ఒకేసారి చేసినవాళ్లలో చాలామంది అసలే పరిస్థితి బాగోలేనివాళ్లు అయి ఉంటారు. అయినా ఏ దారిలో వెళ్తే ఏ ప్రమాదం పెరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మీ నాన్నగారికి లెఫ్ట్ మెయిన్‌లో 60 శాతం ఉంది. అందుకని మెడ ఒక్కటే ముందు చేసి గుండె ఆపరేషన్‌ని కొన్ని వారాలు వాయిదా వేయడం నాకైతే నచ్చదు. మిగిలిన రెండు దారుల మధ్యే మీ ఇద్దరు డాక్టర్లు విడిపోయారు.

రెండో_ఇన్నింగ్స్:

నాకూ బైపాస్ అయింది, మెడలో 60 శాతం ఉంటే వదిలేశారు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. కానీ పెద్దక్క గారి ప్రశ్న నా మనసులోనూ ఉంది. బైపాస్‌లో స్ట్రోక్ వచ్చేది మెడ బ్లాక్ వల్లే కదా?

నాడీమండలం:

చాలాసార్లు కాదండీ. నేను న్యూరాలజిస్టుని, ఈ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

బైపాస్ తర్వాత స్ట్రోక్ వచ్చేవాళ్లు మొత్తం మీద నూటికి ఇద్దరు. వాళ్లలో దాదాపు సగం మందికి మెడ నాళాల్లో చెప్పుకోదగ్గ బ్లాకే ఉండదు. మరి ఎక్కడినుంచి వస్తుంది? ప్రధానంగా గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని గోడల్లో పేరుకున్న పూడిక నుంచి. మిషన్‌కి గొట్టం పెట్టేటప్పుడు, క్లాంప్ (నాళాన్ని బిగించే పట్టుకారు) వేసేటప్పుడు ఆ గోడ నలిగి ముక్కలు రాలి మెదడుకి వెళ్తాయి. రెండో కారణం ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదుల లయ తప్పడం. బైపాస్ తర్వాత రెండో రోజు, మూడో రోజు గుండె లయ తప్పడం చాలా మామూలు, అప్పుడు గుండె గదిలో గడ్డలు కట్టే అవకాశం ఉంది. అందుకే మత్తు దిగి బాగా మాట్లాడిన మనిషికి కూడా రెండు రోజుల తర్వాత స్ట్రోక్ రావచ్చు. ఆపరేషన్ బల్ల మీద మెడ నాళం చేసిన పని కాదది.

మెడ బ్లాక్‌కి సంబంధమే లేదని అనడం లేదు. నేలర్ 2002 సమీక్ష ప్రకారం లక్షణాలు లేకుండా ఒకవైపు 50 శాతం పైన బ్లాక్ ఉంటే ప్రమాదం సుమారు 3 శాతం, రెండువైపులా ఉంటే 5, ఒకవైపు పూర్తిగా మూసుకుపోతే 7 నుంచి 11. అయితే మెడలో పూడిక ఉన్నవాళ్లకి బృహద్ధమనిలోనూ ఉంటుంది. ఈ పెరిగిన ప్రమాదంలో మెడ వాటా ఎంత, బృహద్ధమని వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. మెడ శుభ్రం చేసినంత మాత్రాన ఆ మొత్తం ప్రమాదం పోదు.

చిన్నబ్బాయి గారూ, 80 శాతం అన్న అంకె కన్నా నాకు ముఖ్యమైనది వేరే ఉంది. గత ఆరు నెలల్లో నాన్నగారికి కొన్ని నిమిషాలు ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మూతి పక్కకి పోవడం, మాట తడబడటం, ఒక కంటికి చూపు పోయి మళ్లీ రావడం, వీటిలో ఏదైనా జరిగిందా? "స్ట్రోక్ వచ్చిందా" అని అడిగితే లేదంటారు. ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి.

చిన్నబ్బాయి:

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే ఒక్కొక్కటీ అడిగాను. చేతులు, మాట బాగానే ఉన్నాయన్నారు. కన్ను గురించి అడిగితే కాసేపు ఆలోచించి, రెండు నెలల కిందట పేపర్ చదువుతుంటే ఎడమ కంటికి పైనుంచి నల్లటి తెర దిగినట్టయి, కొన్ని నిమిషాల్లో సర్దుకుందని చెప్పారు. కళ్లజోడు మార్చాలేమో అనుకుని ఎవరికీ చెప్పలేదట. ఏ డాక్టరూ ఆయన్ని ఈ సంగతి అడగలేదు.

నాడీమండలం:

ఇది చాలా ముఖ్యమైన విషయం. రేపే మీ ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి.

ఎడమ కరోటిడ్ నుంచి రాలిన ముక్క ఎడమ కంటి నాళంలోకి వెళ్తే సరిగ్గా ఇలాగే తెర దిగినట్టు ఉంటుంది. కంటికైతే అదే వైపు, కాలు చేతులకైతే ఎదుటి వైపు. ఎడమ నాళం వల్ల ఎడమ కన్ను, కుడి చెయ్యి దెబ్బతింటాయి. బ్లాక్ ఉన్న వైపే కన్ను మసకబారింది కాబట్టి నాన్నగారిది ఇక లక్షణాలు లేని బ్లాక్ కింద లెక్క కాదు.

ఈ రెండు రకాల బ్లాకులకీ నేలకీ నింగికీ ఉన్నంత తేడా ఉంది. 1991లో వచ్చిన నాసెట్ అధ్యయనంలో లక్షణాలు ఉండి 70 శాతం పైన బ్లాక్ ఉన్నవాళ్లను చూశారు. మందులతోనే ఉంచితే రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ 26 శాతం మందికి వచ్చింది, ఆపరేషన్ చేస్తే 9 శాతానికి తగ్గింది. లక్షణాలు లేనివాళ్ల మీద జరిగిన ఏకాస్ అధ్యయనం 1995లో వచ్చింది. అందులో ఐదేళ్లకి స్ట్రోక్ ప్రమాదం 11 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ రోజుల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల వాడకం ఇప్పుడున్నంతగా లేదు కూడా. కంటికి మాత్రమే వచ్చిన లక్షణం చెయ్యి పడిపోవడమంత ప్రమాదకరం కాదు, అది కూడా నిజమే. కానీ రెండు నెలల కిందటిదే కాబట్టి పక్కన పెట్టకూడదు.

మెదడుకి ఎమ్మారై, అందులో డిఫ్యూజన్ (కొత్తగా దెబ్బతిన్న చోటును చూపే స్కాన్) కూడా చేయించమని అడగండి. తెలియకుండా వచ్చిన చిన్న మచ్చలు ఉంటే బయటపడతాయి. డాప్లర్ చేసే మనిషిని బట్టి అంకె మారుతుంది కాబట్టి సీటీ యాంజియోతో ఆ 80 శాతాన్ని నిర్ధారించుకోవడం మంచిది. అదే సీటీలో బృహద్ధమని పూడిక కూడా కనిపిస్తుంది, సర్జన్ గారికి అది చాలా పనికొస్తుంది.

పెద్దక్క:

అయితే నేను మొదట చెప్పిందే సరైంది కదా డాక్టర్ గారూ? మరి ఆ రెండో డాక్టర్ వద్దని ఎందుకన్నారు?

హృదయశస్త్రం:

ఆయన చేతిలో ఉన్న సమాచారానికి ఆయన చెప్పింది సరైన మాటే అమ్మా. కంటి సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

లక్షణాలు లేని ఒకవైపు బ్లాక్‌కి బైపాస్‌తో పాటు మెడ కూడా చేయాలా అన్నది జర్మనీలో మొదలైన కాబాక్స్ అనే అధ్యయనంలో పరీక్షించారు. నిధులు ఆగిపోయి, అనుకున్నదానికన్నా చాలా తక్కువ మందితోనే ముగిసింది. 2017లో ఫలితాలు వచ్చాయి. నెల రోజుల్లో స్ట్రోక్ లేదా మరణం రెండూ కలిపి చేసినవాళ్లలో 18.5 శాతం, బైపాస్ ఒక్కటే చేసినవాళ్లలో 9.7 శాతం. మంది తక్కువ కాబట్టి గణాంకాల ప్రకారం ఈ తేడా రుజువైనట్టు కాదు. కానీ అదనపు ఆపరేషన్ వల్ల మేలు జరుగుతుందన్న సూచన మాత్రం అందులో ఎక్కడా లేదు. దానికి విరుద్ధంగా 2011లో ఇటలీ నుంచి ఇల్లుమినాతి బృందం ఫలితాలు ఇచ్చింది. ముందుగానో, బైపాస్‌తో పాటో మెడ చేసినవాళ్లలో స్ట్రోక్, మరణం కలిపి 1 శాతం, తర్వాత చేసినవాళ్లలో 8.8 శాతం. ఈ రెండిటి మధ్య మా వాళ్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 2018 యూరప్ మార్గదర్శకాలు లక్షణాలు లేని ఒకవైపు బ్లాక్‌కి వద్దనే చెబుతాయి. ఆరు నెలల లోపు లక్షణం వచ్చి, 50 శాతం పైన బ్లాక్ ఉన్నవాళ్లకి మాత్రం మెడ సంగతి చూడమంటాయి.

మీ అమ్మగారికి బాగైనందుకు సంతోషం. కానీ ఒకరికి బాగైందని ఇంకొకరికి అదే చెప్పలేం. ఆమెకి ఏ లక్షణాలు ఉండి చేశారో కూడా చూడాలి.

పెద్దక్క:

నిజమేనండీ. అమ్మకి ముందు ఒకసారి కుడి చెయ్యి లేవలేదు, కాసేపటికి సర్దుకుంది. అందుకే చేశారేమో. ఆ సంగతి ముందే చెప్పాల్సింది తమ్ముడికి.

మత్తుమందు:

ఒకేసారి చేస్తారనుకుంటే లోపల ఏం జరుగుతుందో ఒక మత్తు డాక్టరుగా చెబుతాను, భయం కొంత తగ్గుతుంది.

సాధారణంగా మెడతోనే మొదలుపెడతారు. అదే సమయంలో ఇంకో బృందం కాలి నుంచి సిర తీస్తుంటుంది. మెడ నాళానికి క్లాంప్ వేసి, తెరిచి, లోపలి పూడికను పొరతో సహా ఒలిచి తీసేస్తారు. నాళం మళ్లీ ఇరుకు కాకుండా పైన ప్యాచ్ వేసి కుడతారు, ఆ ప్యాచ్‌కి కాలి సిర ముక్క కూడా వాడొచ్చు. క్లాంప్ ఉన్నంతసేపూ ఆ వైపు మెదడుకి రక్తం అవతలి నాళం నుంచి, వెనక నాళాల నుంచి అందాలి. అందడం లేదనిపిస్తే షంట్ అనే సన్న గొట్టం పెట్టి రక్తం పంపుతారు. నుదుటి మీద అంటించిన సెన్సర్లు మెదడుకి ఆక్సిజన్ ఎంత అందుతోందో చూపిస్తాయి. తర్వాత ఛాతీ తెరిచి బైపాస్. చాలామంది మెడ గాయాన్ని వెంటనే పూర్తిగా మూయరు. మిషన్ కోసం రక్తం పల్చబరిచే హెపారిన్ ఎక్కువగా ఇస్తాం కాబట్టి, దాన్ని విరిచాక రక్తం కారడం లేదని చూసుకుని మూస్తారు.

అన్నిటికన్నా కష్టం బీపీ. మెదడుకి బీపీ ఎక్కువ కావాలి, లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్న గుండెకి మరీ ఎక్కువైతే పనికిరాదు, మరీ తగ్గితే అస్సలు పనికిరాదు. ఆ మధ్యలో సన్నటి దారి పట్టుకుని వెళ్లాలి. ఈ పని తరచుగా చేసే బృందానికీ, ఎప్పుడో ఒకసారి చేసే బృందానికీ తేడా వచ్చేది ఇక్కడే. "మీ దగ్గర ఇలాంటివి ఎన్ని చేశారు, అందులో స్ట్రోక్, మరణం ఎన్ని" అని నిస్సంకోచంగా అడగండి. మంచి డాక్టరు ఎవరూ ఏమీ అనుకోరు.

హృదయశస్త్రం గారితో ఒక్క విషయంలో నేను కొంచెం విభేదిస్తాను. మెడ ముందు చేయడం లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్నవాళ్లకి పూర్తిగా కుదరదని కాదు. మెడకి మాత్రమే మత్తు సూదులిచ్చి, మెలకువగా ఉంచి పూడిక తీసి, ఆ వారంలోనే బైపాస్ చేసిన కేసులు నేను చూశాను. పేషెంట్ మాట్లాడుతూ ఉంటాడు కాబట్టి మెదడు సంగతి వెంటనే తెలుస్తుంది. మొత్తం మత్తు కంటే ఇది మేలని గాలా అధ్యయనం 2008లో తేల్చలేదు, రెండూ సమానమే అంది. కానీ ఛాతీ నొప్పి స్థిరంగా ఉన్న మనిషికి అదొక దారి.

హృదయశస్త్రం:

ఒప్పుకుంటాను. నొప్పి స్థిరంగా ఉంటేనే. విశ్రాంతిలోనూ నొప్పి వచ్చే మనిషికైతే ఆ దారి వద్దనే అంటాను.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. బృహద్ధమనిలో పూడిక ఎక్కువగా ఉంటే మిషన్ లేకుండా, బృహద్ధమనిని అసలు తాకకుండా, ఛాతీ లోపలి రెండు ధమనులతోనే బైపాస్ చేసే పద్ధతి ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో రెండు ధమనులూ తీస్తే ఛాతీ ఎముక మానడం కష్టం కావచ్చు, అది సర్జన్ తూచి చూసుకుంటారు. స్ట్రోక్ తగ్గించడంలో మెడ ఆపరేషన్ గురించి మనం ఇంత మాట్లాడుకుంటాం, దీని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం.

రెండో_ఇన్నింగ్స్:

మెడకి స్టెంట్ వేసేస్తే కోత ఉండదు కదా? గుండెకి మాత్రం ఆపరేషన్ చేయొచ్చు.

హృదయశస్త్రం:

కొందరికి అదే సరైనది. మెడకి ముందు రేడియేషన్ ఇచ్చినవాళ్లు, అక్కడ ఇంతకుముందే ఆపరేషన్ అయినవాళ్లు, బ్లాక్ చేతికి అందనంత పైన ఉన్నవాళ్లు. 2013లో క్లీవ్‌లాండ్ క్లినిక్ 350 మంది పేషెంట్ల అనుభవాన్ని ప్రచురించింది. ముందు స్టెంట్ వేసి తర్వాత గుండె ఆపరేషన్ చేసినవాళ్లకి ఏడాది దాటాక ఫలితాలు బాగున్నాయి.

చిక్కులు మూడున్నాయి. స్టెంట్ వేశాక కనీసం నాలుగు వారాలు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) వేసుకోవాలి, ఆ సమయంలో బైపాస్ చేస్తే రక్తస్రావం ఎక్కువ. అన్నాళ్లు బైపాస్ వాయిదా వేస్తే గుండె తట్టుకుంటుందా అన్నది ప్రశ్న. రెండోది, మెడలో బెలూన్ ఉబ్బించినప్పుడు అక్కడి నరాలు ఒత్తుకుని నాడి, బీపీ హఠాత్తుగా పడిపోతాయి. లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్న గుండెకి అది ప్రమాదం. మూడోది వయసు. 2010 నాటి క్రెస్ట్ అధ్యయనంలో 70 దాటినవాళ్లకి స్టెంట్ కన్నా ఆపరేషనే మెరుగ్గా కనిపించింది.

ఐసీయూ_సిస్టర్:

ఆపరేషన్ అయ్యాక ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి చెబుతాను. మెడ గట్టిగా వాచి మింగడం, గాలి పీల్చడం కష్టమైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పిలవాలి, లోపల రక్తం చేరి గాలిగొట్టాన్ని నొక్కుతుండవచ్చు. గొంతు బొంగురుపోవడం, నాలుక ఆపరేషన్ వైపుకి తిరగడం నరాలు నొక్కుకోవడం వల్ల జరుగుతుంది. ఎక్కువమందికి మెల్లగా తగ్గిపోతుంది, కానీ చెప్పాలి, మింగేటప్పుడు పొలమారకుండా జాగ్రత్త తీసుకోవాలి.

ఇంటికెళ్లాక మొదటి వారంలో ఆపరేషన్ చేసిన వైపు తీవ్రమైన తలనొప్పి వచ్చి, బీపీ పెరిగితే మామూలు తలనొప్పి అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టొద్దు. చాలాకాలం తక్కువ రక్తానికి అలవాటు పడిన మెదడుకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం వెళ్లడం వల్ల అలా జరుగుతుంది. ఫిట్స్, రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. ఇంట్లో బీపీ మిషన్ ఉండి తీరాలి.

చిన్నబ్బాయి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. కంటి సంగతి చెప్పగానే గుండె, మెడ, న్యూరో డాక్టర్లు కలిసి కూర్చున్నారు. సీటీలో 80 శాతం నిజమేనని తేలింది, ఎమ్మారైలో ఎడమవైపు రెండు చిన్న మచ్చలున్నాయి. ఛాతీ నొప్పి ఈ మధ్య కొద్దిపాటి నడకకే వస్తోంది కాబట్టి రెండూ ఒకేసారి చేయాలని నిర్ణయించారు. ముందు వద్దన్న డాక్టర్ గారే ఇప్పుడు చేద్దామన్నారు. ఎందుకో ఇప్పుడు నాకు అర్థమవుతోంది కాబట్టి సంతకం పెట్టడానికి ధైర్యం వచ్చింది.

ప్రశ్నార్థకం:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారికి కూడా బైపాస్ చెప్పారు. ఆమెకి కుడి కరోటిడ్ నూటికి నూరు శాతం మూసుకుపోయింది, ఎడమవైపు 75 శాతం. ఏ లక్షణమూ లేదు. డాక్టర్లు మూసుకుపోయిన దాన్ని వదిలేసి, 75 శాతం దాని గురించి ఆలోచిస్తున్నారు. ఎక్కువ ఉన్నదాన్ని వదిలి తక్కువ ఉన్నదాన్ని చేయడం ఏమిటో మాకు అర్థం కావడం లేదు.

నాడీమండలం:

సరిగ్గానే ఆలోచిస్తున్నారండీ. పూర్తిగా మూసుకుపోయిన నాళంలో రక్తం పారదు కాబట్టి ముక్కలు రాలి మెదడుకి కొట్టుకుపోయే ప్రమాదం చాలా తక్కువ. దాన్ని తెరవబోతే లోపల గట్టిపడిన గడ్డ కదిలి కొత్త ప్రమాదం తెచ్చిపెడుతుంది. మెదడు కింది భాగంలో నాళాలన్నీ ఒక వలయంగా కలుస్తాయి. ఆ వలయం ద్వారా కుడి మెదడుకి ఇప్పుడు రక్తం ఎడమ నాళం నుంచే వెళ్తోంది. అంటే రెండువైపుల భారం ఆ 75 శాతం బ్లాక్ ఉన్న నాళం మీదే ఉంది. లక్షణాలు లేకపోయినా మెడ ఆపరేషన్ ఆలోచించదగ్గ కొద్దిమందిలో ఆమె ఒకరు, యూరప్ మార్గదర్శకాలు కూడా ఈ పరిస్థితిని విడిగా చెప్పాయి.

వలయం ఆమెలో పూర్తిగా ఉందో లేదో సీటీ యాంజియోలో చూడమనండి. చాలామందిలో అందులో ఒకటో రెండో ముక్కలు పుట్టుకతోనే సన్నగా ఉంటాయి. మెడకి క్లాంప్ వేసినప్పుడు షంట్ తప్పనిసరా కాదా అన్నది దాన్ని బట్టే ముందుగా అంచనా వేసుకుంటారు. ఆస్పిరిన్, స్టాటిన్ ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు ఆపకండి.